తమిళం కోసం చెన్నైలో ఏడాది: తెలుగు దొరకని చోటు వెతుక్కోవాలి

బ్రిటన్‌లో ఫ్రెంచో జర్మనో డిగ్రీ చదివేవాళ్లకి ఒక ఏడాది ఆ భాష మాట్లాడే దేశంలో గడపడం సాధారణంగా చదువులో భాగమే. పక్క రాష్ట్రం భాష నేర్చుకునే మనకి అలాంటి ఏర్పాటేం లేదు, ఎవరికి వాళ్లే చేసుకోవాలి. ఎం.ఏ. తెలుగు అయ్యాక నేను అలాగే చేసుకున్నాను. తమిళ కథల్ని ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా తెలుగులోకి తేవాలని గుంటూరు నుంచి చెన్నై వెళ్లి ఏడాది ఉన్నాను. ఇప్పుడు అదే పని మీద వెళ్తామంటూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఫోన్లో అందరికీ చెప్పేదే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

చెన్నైలో తమిళం నేర్చుకోవడానికి అతి పెద్ద అడ్డంకి తెలుగే. మీరు రెండు మాటలు కూడబలుక్కుని తమిళంలో అడగ్గానే అవతలివాళ్లు మొహం చూసి "తెలుంగా?" అంటారు. ఇక అంతే, మిగతా బేరమంతా తెలుగులో సాగిపోతుంది. టీ నగర్ బట్టల కొట్లలో, పెరంబూర్ కిరాణా దుకాణాల్లో, షావుకారుపేట హోల్‌సేల్ సందుల్లో తమిళం ముక్క రాకపోయినా ఏళ్లకేళ్లు బతికేయొచ్చు. బతికేస్తున్నవాళ్లని చూశాను కూడా. ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ఇదే రాజధాని కదా, మనవాళ్ల గుర్తులు ఎటు చూసినా ఉంటాయి. టీ నగర్‌లో 'టీ' అంటే పిట్టి త్యాగరాయ చెట్టి. ఆ పక్కనే పానగల్ రాజా పేరున పార్కు. మైలాపూర్‌లో 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచిన చోటు. ఇవన్నీ మొదటి వారంలో చూసేసి, ఫోటోలు దిగి, ఇంటికి పంపి, ఆ తర్వాత మర్చిపోండి. మీరు వచ్చింది మనవాళ్ల కోసం కాదు.

కాబట్టి ఎక్కడ ఉండాలన్నది అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం. వేళచ్చేరి, పెరుంగుడి, తొరైపాక్కం, షోళింగనల్లూర్ వైపు లేడీస్ హాస్టళ్లలో ఐటీ ఉద్యోగాలకొచ్చిన మన అమ్మాయిలు బోలెడంతమంది. గోంగూర పచ్చడి కూడా దొరుకుతుంది. ఇంట్లోవాళ్లు అక్కడే ఉండమంటారు, సేఫ్ అంటారు. మీరు మాత్రం సైదాపేట, తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్), మైలాపూర్ వైపు చూడండి. జిల్లాల నుంచి గ్రూప్ పరీక్షలకి చదువుకోవడానికి వచ్చేవాళ్లుండే హాస్టళ్లు అక్కడ దొరుకుతాయి. నా గదిలో ఒక అమ్మాయిది విళుప్పురం, ఇంకో అమ్మాయిది తేని. ఇద్దరూ టీఎన్‌పీఎస్‌సీకి తెగ చదివేవాళ్లు. పరీక్షలో తమిళం పేపర్ ఉంటుంది కాబట్టి రాత్రి పదింటికి వ్యాకరణం పైకి చదువుతుంటే నేను మంచం మీద పడుకుని వినేదాన్ని. ఏ కోర్సులోనూ అంత దొరకదు. అబ్బాయిలైతే తిరువల్లిక్కేణి మాన్షన్లు ఎలాగూ ఉన్నాయి, బ్యాచిలర్లకి అవి పేరుమోసినవి. గది ఇరుకు, బాత్రూము దగ్గర క్యూ, కానీ నోరు మూసుకుని ఉండటం కుదరదు.

అడ్వాన్సు ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి, ఖాళీ చేసేటప్పుడు ఎంత కోసుకుంటారో అందులో రాయించుకోండి. నేను మొదట దిగిన హాస్టల్ యజమాని మెయింటెనెన్స్ అంటూ సగం ఉంచేసుకున్నాడు. రసీదు చూపిస్తే అప్పుడు కొంత కక్కాడు. తాగే నీళ్లు క్యాన్‌వి ఇస్తారా, విడిగా కొనుక్కోవాలా అన్నది కూడా అడగండి.

తిండి గురించి పెద్దగా చెప్పను. మనకి అలవాటు పడటం తేలికే. కారం తక్కువనిపిస్తే వత్తకుళంబు అనే పులుసు వేసుకోండి, అన్నీ సర్దుకుంటాయి. డబ్బులు మరీ కటకటగా ఉన్న రోజుల్లో కార్పొరేషన్ నడిపే అమ్మ ఉణవగం (అమ్మ క్యాంటీన్) ఉంది. రూపాయికి ఇడ్లీ అంటే ఇంట్లో నమ్మలేదు. 2013లో మొదలైన రేటు అది. ఆంధ్రా మెస్‌కి మాత్రం నెలకొకసారి, పండక్కి వెళ్లినట్టు వెళ్లండి. రోజూ వెళ్తే అక్కడే నలుగురు తెలుగు స్నేహితులు తయారవుతారు.

ఇక అసలు సంగతి. తమిళం ఒకటి కాదు, రెండు. పుస్తకంలో ఉండేది ఒకటి, నోట్లో ఉండేది ఇంకొకటి. మనకి గిడుగు రామమూర్తి పంతులు గారి పుణ్యాన రాసేదానికీ మాట్లాడేదానికీ మధ్య దూరం బాగా తగ్గింది. అక్కడ ఇంకా ఉంది. పేపర్లో "పోగిఱేన్" (వెళ్తున్నాను) అని ఉంటుంది, మనిషి "పోఱేన్" అంటాడు. "వందార్గళ్" (వచ్చారు) అని చదువుతారు, బస్సులో "వందాంగ" అని వింటారు. "ఎన్న సెయ్గిఱీర్గళ్" (ఏం చేస్తున్నారు) అని పుస్తకం చూసి అడిగితే వీధిలో నవ్వుతారు, అక్కడ అందరూ "ఎన్న పణ్ఱీంగ" అనేవాళ్లే. పుస్తకం పట్టుకుని నేర్చుకున్నవాడు నాటకంలో రాజులా మాట్లాడతాడు. వీధిలో మాత్రమే నేర్చుకున్నవాడు పేపర్ చదవలేడు. మీకు రెండూ కావాలి, అది కూడా మొదటి రోజు నుంచీ. ముందు ఒకటి పూర్తి చేసి తర్వాత రెండోది మొదలుపెడదాం అనుకోకండి.

నేను రెండు నోటుబుక్కులు పెట్టుకున్నాను. ఒకటి చదివిందానికి, ఒకటి విన్నదానికి. విన్నది తెలుగు లిపిలోనే రాసుకోండి, సిగ్గేం లేదు. తమిళ లిపిలో క, గ తేడా రాయడం కుదరదు, మన లిపిలో కుదురుతుంది. ఆ రోజు విన్న మాటల్ని రాత్రి గదిలో అమ్మాయిలకి చదివి వినిపించి, ఇవి పుస్తకంలో ఎలా ఉంటాయని అడిగేదాన్ని. వాళ్లకి తమాషా, నాకు పాఠం. టీవీ వార్తలు కూడా దీనికి బాగా పనికొస్తాయి. ఏదైనా ప్రమాదం జరిగిందనుకోండి, న్యూస్ రీడర్ పుస్తకం తమిళంలో చదువుతుంది. వెంటనే అక్కడ చూసిన మనిషిని మైకు ముందు నిలబెడతారు, అతను అదే సంగతి ఇంటి తమిళంలో చెప్తాడు. ఒకే వార్త రెండు తమిళాల్లో, అరనిమిషం తేడాలో! రోజూ పది నిమిషాలు ఇది చేస్తే చాలు.

లిపి గురించి భయపడకండి. అచ్చులు 12, హల్లులు 18, గుణింతాలన్నీ కలిపి ఇంకొక 216, ఆయుధం అనే అక్షరం ఒకటి, మొత్తం 247 అంటూ లెక్క చెప్పి బెదిరిస్తారు. నిజానికి మనకంటే హల్లులు చాలా తక్కువ. చిక్కల్లా ఒకే అక్షరం క, ఖ, గ, ఘ అన్నిటికీ పని చేయడం దగ్గరే. దానికి ఒక పద్ధతుంది. మాట మొదట్లో వస్తే క, ఒత్తుంటే క్క, ముందు అనునాసికం ఉంటే గ, రెండు అచ్చుల మధ్య చిక్కుకుంటే మెత్తబడి గ కి, హ కి మధ్యలో ఎక్కడో పలుకుతుంది. చ, ట, త, ప లకి కూడా దాదాపు ఇదే వరస. సంస్కృతం నుంచి, ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలకి మాత్రం ఈ పద్ధతి పనిచేయదు, అవి తెలిసి చదవాల్సిందే. బోర్డు మీద "కాంది" అని కనిపిస్తే అది గాంధీ. మెట్రో స్టేషన్లలో పేర్లు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. ఇంగ్లీషు పేరుని చేత్తో కప్పుకుని ముందు తమిళం చదవండి. చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

కోర్సు కావాలంటే కోట్టూర్‌పురంలో తమిళ్ వర్చువల్ అకాడెమీ ఉంది, వాళ్ల పాఠాలు ఆన్‌లైన్లో చదువుకోవచ్చు. ఒకటో తరగతి నుంచి తమిళనాడు పాఠ్యపుస్తకాలన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్లలో పీడీఎఫ్‌లుగా ఉచితం. నా సలహా ఏమిటంటే రెండో తరగతి పుస్తకంతో మొదలుపెట్టి ఆరు దాకా వరసగా చదవండి. పెద్దవాళ్ల కోసం రాసిన 'ముప్పై రోజుల్లో తమిళం' బాపతు పుస్తకాల జోలికి పోకండి. వాటిలో ఎంతసేపూ టాక్సీవాడితో బేరమే ఉంటుంది. అన్నా శతాబ్ది గ్రంథాలయం కూడా కోట్టూర్‌పురంలోనే. 2010లో తెరిచారు. అక్కడ పిల్లల విభాగం చాలా బాగుంటుంది. పాతికేళ్ల మనిషి చిన్న కుర్చీలో కూర్చుని కుందేలు బొమ్మల కథ చదువుతుంటే పిల్లలే వచ్చి తప్పులు దిద్దుతారు. అనువాదం మీద ఆసక్తి ఉన్నవాళ్లకి తరమణిలో రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం కూడా ఉంది. పాత తమిళ పత్రికలకి అది గని. కానీ దానికి ఆరు నెలలు ఆగండి.

వీలైతే రిటైరైన తమిళ మాస్టారిని ఎవరినైనా పట్టుకోండి. హాస్టల్ వీధిలో ఇస్త్రీ బండి దగ్గర అడిగినా చెప్తారు. నాకు వెస్ట్ మాంబళంలో ఒక టీచరమ్మ దొరికారు. ఆవిడ షరతు ఒకటే, గంటసేపు ఇంగ్లీషు వినపడకూడదు. మాట తోచకపోతే చేతులతో చూపించమనేవారు. నేను పొరియల్ ఎలా చేయాలో చేతులతో చెప్పడం చూసి వాళ్ల మనవరాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. పేపరుకి ఆవిడ దినత్తంది తెప్పించుకోమన్నారు. 1942 నుంచి వస్తున్న ఆ పేపరు టీకొట్టు దగ్గర నిలబడి చదువుకునేవాళ్లకి అర్థమయ్యే భాషలోనే రాస్తుంది. వాక్యాలు చిన్నవి, వార్తలు ఎక్కువగా దొంగతనాలు, మేనమామ గొడవలు. కథ తెలిసిపోతుంది కాబట్టి మాటలు వాటంతటవే బుర్రకెక్కుతాయి.

సిటీ బస్సుని కూడా క్లాసురూముగా వాడుకోండి. 2021 మే నుంచి ఆడవాళ్లకి ఆర్డినరీ బస్సుల్లో టికెట్ లేదు. ముందూ వెనకా గులాబీ రంగు వేసినవి అవే. పెరంబూర్ నుంచి బెసంట్ నగర్ దాకా నడిచే 29సీ లాంటి బస్సెక్కితే ఊరు అడ్డంగా చూసినట్టవుతుంది, గంటకి పైగా చెవికి పని. కండక్టర్‌తో మాట్లాడాల్సినవి నాలుగు వాక్యాలే. అవి వచ్చాక పక్కసీటుకి మారండి. ఎవరైనా తెలుగులోకి దిగితే అనాల్సిన మాట ముందే కంఠతా పట్టి ఉంచుకోండి: "తమిళ్‌లయే పేసుంగ, కత్తుక్కిట్టిరుక్కేన్" (తమిళంలోనే మాట్లాడండి, నేర్చుకుంటున్నాను). ఇది వినగానే మొహం వెలిగిపోతుంది, పదింతలు నెమ్మదిగా మాట్లాడతారు. మాట చివర "ంగ" చేర్చడం మర్చిపోకండి. పెద్దవాళ్లతో అది లేకుండా మాట్లాడితే మనం "నువ్వు" అన్నట్టు ఉంటుంది. పిలవడానికి అణ్ణా, అక్కా, ముసలమ్మనైతే పాటీ. ఈ మూడూ ఉంటే ఊరంతా తిరిగి రావచ్చు.

డిసెంబరులో మార్గళి (ధనుర్మాసం) సంగీత కచ్చేరీల గురించి ఒక చిట్కా. సభల్లో పొద్దున, మధ్యాహ్నం జరిగే కచ్చేరీలు చాలావాటికి టికెట్ ఉండదు. పాడేవి సగం త్యాగరాజ కీర్తనలు. పక్కన కూర్చున్న మామాలకి పల్లవి నుంచి చరణం దాకా కంఠతా వచ్చు, చాలామందికి అర్థం రాదు. మీకు అర్థం వచ్చు. విరామంలో క్యాంటీన్లో కాఫీ దగ్గర మీరు కీర్తన అర్థం తమిళంలో చెప్పే ప్రయత్నం చేయండి, వాళ్లు మీ తమిళం దిద్దుతారు. ఒక పెద్దాయన నన్ను వారం రోజులు ఇలా వదల్లేదు. జనవరిలో పొంగల్ సమయానికి నందనం వైఎంసీఏ మైదానంలో పుస్తకాల సంత. డబ్బులు అప్పటికి దాచుకోండి.

ఇంక ప్రయాణాలు. ఒంటరిగానే వెళ్లాలి, ఇందులో రాజీ లేదు. ఇద్దరు తెలుగువాళ్లు కలిసి బయల్దేరితే ఆ ప్రయాణం తెలుగులోనే జరుగుతుంది, టికెట్ కొనేటప్పుడు తప్ప తమిళం బయటికి రాదు. ఒక్కరే అయితే దారి అడగాలి, పక్కవాళ్లతో సామాను చూడమనాలి, ఆకలేస్తే అడగాలి.

మామల్లపురం (మహాబలిపురం), పుదుచ్చేరి వెళ్లండి, వద్దనను. కానీ భాష కోసం కాదు. అక్కడ గైడ్లు మిమ్మల్ని చూసి ముందు హిందీ, తర్వాత ఇంగ్లీషు, ఆఖరికి తెలుగు కూడా మాట్లాడతారు. తిరుత్తణి వైపు సరేసరి, అది సగం మన ఊరే. మొదటి ప్రయాణానికి కాంచీపురం సరిపోతుంది. చెంగల్పట్టు మీదుగా వెళ్లే లోకల్ రైలెక్కండి, టికెట్ రైల్‌వన్ యాప్‌లో తీసుకోవచ్చు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. పల్లవుల కైలాసనాథ ఆలయం దగ్గర జనం తక్కువ, కాపలా మనిషికి మాట్లాడే తీరిక ఎక్కువ. గుళ్లు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకి మూసి నాలుగింటికి తెరుస్తారు. పెద్ద గుళ్లన్నిటికీ దాదాపు ఇదే లెక్క, ఇది తెలియక ఎండలో మెట్ల మీద కూర్చునేవాళ్లు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. ఆ నాలుగు గంటల్లో భోజనం, బస్టాండు టీకొట్టు, కొంచెం నిద్ర.

రెండోది విళుప్పురం దాటి వెళ్లాలి. దీనికి చోళన్ ఎక్స్‌ప్రెస్‌ని మించింది లేదు. పొద్దున ఎగ్మోర్‌లో ఎక్కితే చిదంబరం, శీర్గాళి, మైలాడుదుఱై, కుంబకోణం, తంజావూరు మీదుగా పగటిపూటే తిరుచ్చి దాకా వెళ్తుంది. రాత్రి రైల్లో పడుకుని పోతే టికెట్ డబ్బులు దండగ, నిద్రలో తమిళం రాదు. సెకండ్ సిట్టింగ్‌లో వెళ్లండి, ఏసీలో అందరూ ఫోన్లు చూసుకుంటారు.

నేను మొదటిసారి ఎక్కినప్పుడు పక్కన ఒక పాటీ కూర్చుంది. చేతిలో పసుప్పచ్చ గుడ్డసంచి, అందులో స్టీలు డబ్బా, పైన మల్లెపూల పొట్లం. తాంబరం రాకముందే మొదలుపెట్టింది. ఎంద ఊరు? అప్పా ఎన్న పణ్ఱార్? కల్యాణం ఆయిడిచ్చా? తనియావా పోఱే (ఒక్కదానివే వెళ్తున్నావా)? చెంగల్పట్టు దాటాక చివరి ప్రశ్న, సాప్టియా (తిన్నావా)? ఆ తర్వాత ఇలాంటి ప్రయాణాల్లో తేలిందేమిటంటే, తమిళనాడులో ఏ బస్సెక్కినా ఏ రైలెక్కినా ఈ అయిదు ప్రశ్నలే, ఇదే వరసలో. పెళ్లి ప్రశ్నకి చిరాకు పడి ఫోన్ తీశారంటే పాఠం పోయినట్టే. జవాబులు ముందే తయారుగా ఉంచుకోండి, ఒక్కొక్కదానికి రెండు మూడు వాక్యాలు. నాన్న ఏం చేస్తారంటే ఒక్క మాటలో వదిలేయకండి, మిరప పంట గురించి చెప్పండి, ధర పడిపోయిందని చెప్పండి. ఆవిడ వాళ్ల వరిపొలం గురించి చెప్తుంది. పెళ్లి ఎందుకు కాలేదో చెప్పడానికి నేను భవిష్యత్ కాలం, షరతు వాక్యాలు రెండూ నేర్చుకోవాల్సొచ్చింది. కొళ్లిడం వంతెన మీదకి రైలు వచ్చేసరికి పాటీ డబ్బా తెరిచి నిమ్మకాయ అన్నం నా చేతిలో పెట్టేసింది. శీర్గాళిలో దిగుతూ, కుంబకోణం వస్తే ఈ పిల్లకి చెప్పమని ఎదుటి సీటాయనకి అప్పగించి మరీ దిగింది.

కుంబకోణంలో రెండు రాత్రులు ఉండేలా వెళ్లండి. టౌన్ బస్సులో దారాసురం దగ్గరే. 12వ శతాబ్దపు ఐరావతేశ్వరాలయం, తంజావూరు పెద్ద గుడి కన్నా నాకు ఇదే ఇష్టం. తంజావూరులో రాజరాజ చోళుడి గుడి 1010 నాటిది, అది చూడకుండా ఎవరూ రారు కాబట్టి చెప్పక్కర్లేదు. సరస్వతీ మహల్‌కి మాత్రం తప్పకుండా వెళ్లండి. నాయక రాజుల కాలంలో ఆ ఊళ్లో తెలుగు ఎంత వెలిగిందో అక్కడి తాళపత్రాలు చెప్తాయి. అక్కడికి దగ్గర్లోనే తిరువైయారులో త్యాగరాజ సమాధి, కావేరి ఒడ్డున. బెంగళూరు నాగరత్నమ్మ పూనుకుని గుడి కట్టించిన చోటు. పుష్య బహుళ పంచమి నాడు ఆరాధనకి జనం విపరీతం, గది దొరకదు. మామూలు రోజున వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది. మే నెలలో నృసింహ జయంతి సమయానికి మేలట్టూరులో భాగవత మేళం ఆడతారు. తరతరాలుగా తమిళ దేశంలో ఉన్న కుటుంబాలవాళ్లు తెల్లవార్లూ తెలుగు నాటకం ఆడుతుంటే చూడాలి. ఎండలకి భయపడి మానుకోకండి.

ఒంటరిగా వెళ్లే ఆడపిల్లకి కొన్ని లాడ్జీల్లో గది ఇవ్వరు. ఎందుకని అడిగితే రూల్ అంటారు, ఏ రూలో చూపించరు. ఒక గుడి ఊళ్లో రాత్రి ఎనిమిదింటికి నన్ను అలా పంపించేశారు, ఆధార్ చూపించినా సరే. కాబట్టి రెండు రోజుల ముందే ఫోన్ చేసి "నాన్ ఒరు ఆళు దాన్, లేడీస్, రూమ్ ఇరుక్కా?" (నేను ఒక్కదాన్నే, లేడీస్, రూమ్ ఉందా) అని అడిగి, చెప్పినవాళ్ల పేరు రాసుకోండి. ఫోన్లో తమిళం మాట్లాడటం ఎదురెదురుగా మాట్లాడటం కంటే కష్టం, అందుకని అది కూడా ప్రాక్టీసే. తంజావూరు, మదురై లాంటి పెద్ద స్టేషన్లలో రైల్వే రిటైరింగ్ రూములు ఐఆర్‌సీటీసీలో దొరుకుతాయి, శుభ్రంగా ఉన్నా లేకపోయినా భయం ఉండదు. కొత్త ఊరికి చీకటి పడ్డాక చేరే బస్సు ఎక్కకండి. 112, రైల్లో అయితే 139, ఫోన్లో ఉండాలి. రాత్రికి ఎక్కడ ఉంటున్నారో హాస్టల్లో ఒకరికి మెసేజ్ పెట్టండి. ఇంట్లోవాళ్లకి తర్వాత చెప్పొచ్చు, లేకపోతే వాళ్లకి టెన్షన్, మీకు గంటగంటకీ ఫోన్లు.

ఎప్పుడు వెళ్లాలంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. కావేరి డెల్టా జిల్లాలు, చెన్నై రెండూ తడిసి ముద్దవుతాయి, తుఫాను హెచ్చరిక వస్తే రైళ్లు ఆగిపోతాయి. ఆ నెలలు చెన్నైలో చదువుకి. పొంగల్ వారంలో ప్రయాణం పెట్టుకోకండి, ఊరంతా ఊళ్లకి పోతుంది. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరిచిన కాసేపటికే అయిపోతాయి. ఫిబ్రవరి, మార్చి తంజావూరుకి. జూన్, జులైలో కుట్రాలం జలపాతాలకి, అప్పుడు నైరుతి వానలకి నీళ్లు బాగా పడతాయి. బస్సులో వెళ్తే 2023 డిసెంబరు 30 నుంచి దక్షిణం వైపు దూరపు బస్సులకి కిళాంబాక్కం స్టాండు వచ్చింది. అది ఊరి చివర వండలూరు దగ్గర. ఇదివరకటి కోయంబేడు స్టాండు అనుకుని బయల్దేరితే ఇంకో గంట పైన పడుతుంది.

మూడో ప్రయాణం తిరునెల్వేలి వైపు. నెల్లై ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే పొద్దున దిగుతారు. ఇది మాత్రం దూరం కాబట్టి నిద్రకి మినహాయింపు. అక్కడి యాస చెన్నై యాస కాదు. మొదటి రోజు సగం అర్థం కాదు, బెంబేలు పడకండి. వెనక్కొచ్చేటప్పుడు కోవిల్‌పట్టిలో దిగి వేరుశనగ మిఠాయి కొనుక్కోండి, దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. నేను బస్టాండు దగ్గర కొట్టులో నా సొంపైన తమిళంలో అరకేజీ అడిగాను. కొట్టామె పొట్లం కడుతూ, ఏ ఊరని అడిగి, గుంటూరనగానే "మేమూ ఇంట్లో తెలుగే మాట్లాడతాం" అంది. వాళ్ల తాతల తాతలు నాయక రాజుల కాలంలో వచ్చారట, చదవడం రాయడం రాదు. ఆవిడ తెలుగు నాకు సగమే తెలిసింది, నా తెలుగు ఆవిడకి సగమే తెలిసింది. ఇద్దరం మళ్లీ తమిళంలోకి వచ్చాక సాఫీగా సాగింది.

ఏడాది చివర్లో ఒక నెల ముందే హాస్టల్‌కి చెప్పండి, లేకపోతే అడ్వాన్సులో ఇంకో నెల అద్దె పోతుంది. అప్పటికి పుస్తకాలు రెండు పెట్టెలు అయి ఉంటాయి. వాటిని పోస్టాఫీసులో పార్శిల్ వేసేయండి. ఆంధ్రా వైపు బస్సులు 2018 నుంచి మాధవరం స్టాండులో ఎక్కాలి, పుస్తకాల పెట్టెలతో అక్కడిదాకా ఆటో అంటే నడుం విరుగుతుంది. మాస్టారికో టీచరమ్మకో మన జిల్లాది ఏదైనా ఒకటి పట్టుకెళ్లి ఇవ్వండి. మా టీచరమ్మ గుంటూరు కారం అడిగారు, అరకేజీ చాలన్నారు, కేజీ ఇచ్చాను. వారం వారం ఫోన్లో మాట్లాడే ఏర్పాటు ఆ రోజే చేసుకోండి, ఎందుకంటే మాట్లాడటం ఆపేస్తే ముందుగా పోయేది నోటి తమిళమే. పుస్తకం తమిళం కొన్నాళ్లు నిలుస్తుంది.